మన పని గురించి మనమే చెప్పుకోవాలంటే ఎందుకింత సిగ్గు?

మంగళగిరి_కోడలు
సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ, రాయడం ఇదే మొదటిసారి.

మా అత్తగారిది మంగళగిరి. ఇంట్లో రెండు గుంటమగ్గాలున్నాయి, నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసేవి. మామయ్య, మా ఆయన నేస్తారు. కండెలు చుట్టడం అత్తయ్యదీ నాదీ. ఇన్నేళ్ళూ మాస్టర్ వీవర్ నూలు ఇస్తే నేసి, మజూరీ తీసుకున్నాం. పోయిన ఏడాది నుంచి ఒక మగ్గం మీద అప్పు తెచ్చి మేమే నూలు, జరీ కొని నేస్తున్నాం. డిగ్రీ చదివానని అమ్మే పని నాకు అప్పజెప్పారు.

నా బాధంతా అక్కడే. చీర మడత పెట్టి, వెలుతురు చూసుకుని ఫోటో తీస్తాను. అది బాగానే వస్తుంది. దాని కింద రెండు ముక్కలు రాసి స్టేటస్ పెట్టేసరికి గుండె దడదడలాడుతుంది. ఎవరెవరు చూశారో పేర్లు చూస్తూ కూర్చుంటాను. మా చిన్నత్త పేరు కనబడగానే తీసేస్తాను. ఒక్కోసారి పది నిమిషాలు కూడా ఉంచను.

మొన్న బంధువుల పెళ్ళిలో భోజనాల దగ్గర ఒకావిడ నవ్వుతూ, "ఏమ్మా, ఈమధ్య నీ ఫోన్ తెరిస్తే అన్నీ చీరలే, పెద్ద కొట్టే పెట్టావుగా" అంది. తిట్టలేదు, వెక్కిరించిందని కూడా అనలేను. కానీ ఆ ముద్ద గొంతు దిగలేదు. ఆ రోజు నుంచి మూడు వారాలు ఏమీ పెట్టలేదు. నేసిన చీరలు పదకొండు బీరువాలో ఉన్నాయి. నూలు కొన్న డబ్బు వాటిలోనే ఇరుక్కుపోయింది.

మగ్గం మీద కూర్చుని పొద్దున్నించి సాయంత్రం దాకా పనిచేసే మనిషిని చూస్తూ, ఆ పని గురించి నలుగురికీ చెప్పలేకపోతున్నాను. మీలో ఎవరికైనా ఇలా ఉందా? ఎలా దాటారు?

ఓరుగల్లు_అనూష
సోమవారం, రాత్రి 10:15

అక్కా, మగ్గం వేరు, నా లాప్‌టాప్ వేరు గానీ బాధ మాత్రం ఒకటే.

మా ఆఫీసులో ఏడాదికోసారి ఎవరి పని గురించి వాళ్ళే రాసుకోవాలి. నేను ప్రతి వాక్యం "మేము" అని మొదలుపెడతాను. మేము చేశాం, మా టీమ్ పూర్తి చేసింది, అంతా కలిసి సరిచేశాం. పోయినసారి మా మేనేజర్ కాగితం పక్కన పెట్టి, "ఇందులో నువ్వు ఎక్కడున్నావమ్మా?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. రాత్రి రెండింటి దాకా కూర్చుని నేనొక్కదాన్నే సరిచేసిన పని కూడా అందులో ఉంది. "నేను" అని టైపు చేస్తే ఎవరో వెనక నుంచి చూసి నవ్వుతున్నట్టు ఉంటుంది.

చిన్నప్పుడు ఎవరైనా ఇంటికొస్తే నా మార్కులు మా నాన్న చెప్పేవాడు. నేనే చెబితే మాత్రం "సొంత డబ్బా కొట్టుకోకు" అనేవాడు. పాతికేళ్ళయినా ఆ మాట చెవిలోంచి పోలేదు.

శేషు_మాస్టారు
మంగళవారం, ఉదయం 6:05

అమ్మాయీ, నీ ఉత్తరం చదివి రాత్రి చాలాసేపు ఆలోచించాను. నాది కాస్త భిన్నమైన మాట. కోపగించుకోవద్దు.

నీకు కలుగుతున్న ఆ సిగ్గును జబ్బుగా చూడకు. అది సంస్కారం. కంచు మోగినట్టు బంగారం మోగదని వేమన చెప్పిన పద్యం పిల్లలకు ముప్పై నాలుగేళ్ళు చెప్పాను. కర్ణపర్వంలో ఒక ఘట్టం ఉంది. గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ఒట్టు. ఆ మాట స్వయంగా ధర్మరాజే అన్నాడు. పెద్దవాణ్ణి అవమానిస్తే చంపినట్టే అని కృష్ణుడు ఉపాయం చెప్పాడు. అర్జునుడు అన్నను నానా మాటలూ అని, ఆ బాధతో తనను తానే చంపుకోబోయాడు. అప్పుడు కృష్ణుడు, నిన్ను నువ్వు పొగుడుకో, అదీ చావుతో సమానమే అన్నాడు. మన పెద్దలు ఆత్మస్తుతిని అంత బరువైన విషయంగా చూశారు.

మంచి పనిని లోకమే వెతుక్కుంటూ వస్తుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని ఏకి సన్నని నూలు వడికే ఆడవాళ్ళు ఎవరికీ డప్పు కొట్టుకోలేదు. గాంధీగారు ఆ ఖద్దరును మెచ్చుకున్నారు. దేశమంతా తెలిసింది.

సిరిసిల్ల_సాంచా
మంగళవారం, ఉదయం 8:31

మాస్టారు గారూ, మీమీద గౌరవంతోనే చెప్తున్నా. పొందూరుకు గాంధీ దొరికిండు. మంగళగిరిలో ఈ అక్క ఇంటికి ఎవరొస్తారు? ఆమె బీరువాలో పదకొండు చీరలున్నాయి, అప్పు మీద వడ్డీ నడుస్తున్నది. లోకం వెతుక్కుంటూ వచ్చేదాకా నూలు కొట్టువాడు ఆగుతాడా?

మా నాయన మరమగ్గం కార్మికుడు. మా ఊరి నేతగాళ్ళ బతుకులు చూసినోణ్ణి. మంచి పనితనం ఉండి, నోరు లేక పోయినోళ్ళను చూసిన. మా సిరిసిల్లలోనే నల్ల పరంధాములు గారు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారు. ఆ చీర ఎవరూ కట్టుకునేది కాదు. మగ్గానికి ఎంత పనితనం ఉందో చూపించాలంటే అట్లా ఒకటి నేసి చూపించాల్సి వచ్చింది. దాన్ని సొంత డబ్బా అందామా?

ఇంకో మాట. అక్కా, మీరు స్టేటస్ తీసేసినప్పుడు ఆ జాగా ఖాళీగా ఉండదు. అక్కడ ఇంకెవరో మరమగ్గం గుడ్డకు "మంగళగిరి హ్యాండ్లూమ్" అని పేరు పెట్టి అమ్ముతారు. మరమగ్గం ఇంట్ల పుట్టినోణ్ణి, ఆ పనిని తక్కువ చేస్త లేను, అది కూడా చెమటే. కానీ దేని పేరు దానికి ఉండాలె. 1985లో చేనేత రిజర్వేషన్ చట్టం తెచ్చారు. ఇప్పటికీ 11 రకాల బట్టలను కొన్ని నియమాలతో చేతిమగ్గానికే కేటాయించారు. అయినా బజార్ల ఏం నడుస్తున్నదో అందరికీ ఎరుకే. అసలు నేసినోళ్ళు సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటే కొనేటోళ్ళకు తేడా ఎవరు చెప్తారు?

కథల_పెట్టె
మంగళవారం, మధ్యాహ్నం 1:20

నేను కథలు రాస్తాను. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకున్నాను, 500 కాపీలు. సగానికి పైగా మంచం కిందే ఉన్నాయి. మంగళగిరి చెల్లి బీరువా అనగానే నా మంచం గుర్తొచ్చింది.

హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో జరిగిన సంగతి చెబుతాను. ఎన్టీఆర్ స్టేడియంలో ఒక మిత్రుడి స్టాల్‌లో నా పుస్తకం పది కాపీలు పెట్టించాను. సాయంత్రం ఆ బల్లకు ఇవతల, మామూలు పాఠకుడిలా నిలబడ్డాను. కాలేజీ వయసు అమ్మాయి ఒకతె వచ్చి నా పుస్తకం తీసింది. వెనక అట్ట చదివింది. లోపల తెరిచింది. మొదటి కథ మొదటి పేజీ తిప్పింది. రెండో పేజీలోకి వెళ్ళింది. నాకూ ఆమెకూ మధ్య మూరెడు దూరం. "అది నేను రాసిందేనమ్మా" అంటే చాలు. నోరు తెరుచుకోలేదు. ఆమె పుస్తకం మూసి, అంచు సరిచేసి, ఉన్నచోటే జాగ్రత్తగా పెట్టి వెళ్ళిపోయింది. అలా జాగ్రత్తగా పెట్టడమే ఇప్పటికీ గుండెల్లో ఉండిపోయింది.

మర్నాడు అదే చోట నిలబడి ఇంకో కొత్త రచయిత పుస్తకం గురించి ముగ్గురికి చెప్పాను. ముగ్గురూ కొన్నారు. మాటలు వెతుక్కోవాల్సిన పనే రాలేదు. పక్కవాడి పుస్తకానికి వచ్చే నోరు నా పుస్తకానికి ఎందుకు రాదో ఇంటికొచ్చే దారంతా ఆలోచించాను.

మాస్టారు గారూ, మన సాహిత్యంలో ఆత్మస్తుతికి ఇంకో పక్క కూడా ఉందండీ. తిరుపతి వెంకట కవులు మీసాలు పెంచారు. ఎందుకయ్యా అంటే, రెండు భాషల్లోనూ మేమే కవీంద్రులమని తెలపడానికే అని పద్యం చెప్పారు. కాదన్నవాళ్ళు ఉంటే గెలవమన్నారు. అవధానం సభల్లో నిలబడ్డవాళ్ళు అట్లా చెప్పుకోకపోతే ఆ రోజుల్లో సంస్థానాల్లో అడుగుపెట్టనిచ్చేవారా? నాకు అంత ధైర్యం లేదు గానీ, వాళ్ళను తప్పుపట్టలేను.

డల్లాస్_వాసు
మంగళవారం, రాత్రి 11:48

కొనేవాళ్ళ వైపు నుంచి ఒక మాట చెప్పనా? చెప్పడానికి కాస్త ఇబ్బందిగానే ఉంది.

మా దూరపు బంధువు ఒకావిడ ఇంటి దగ్గర పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. పచ్చడి చాలా బాగుంటుంది. కానీ నేను ఆవిడ మెసేజ్‌లు రాకుండా ఆపేశాను. రోజూ ఫోటోలు పెట్టినందుకు కాదు. ఫోటోలు ఎన్ని పెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఆవిడ విడిగా నాకు రాసేది. "అన్నయ్యా, మీరు కూడా తీసుకోకపోతే ఎలా", "వదిన గారు చూసి కూడా ఏమీ అనలేదు" అని. నాలుగుసార్లు మొహమాటానికి కొన్నాను. ఐదోసారి ఫోన్ మోగితే తియ్యలేదు. మంచి పచ్చడి, మంచి మనిషి, రెండూ దూరమయ్యాయి. దానికి ఇప్పటికీ బాధగా ఉంది.

మన దగ్గర మొహమాటం చాలా పెద్ద విషయం. అడిగినవాళ్ళకూ మొహమాటమే, కాదనలేనివాళ్ళకూ మొహమాటమే. మంగళగిరి చెల్లీ, నీ గుండె దడ బహుశా అందుకే. స్టేటస్ పెడితే చూసేది ఎవరు? చిన్నత్త, ఆడపడుచు, పెళ్ళిలో కలిసినావిడ. వాళ్ళు కొనాలనుకోరు, కొననందుకు ఇబ్బంది పడతారు, ఆ ఇబ్బందిని నవ్వుతో నీమీదకు తోసేస్తారు. నిన్ను ఎరగనివాళ్ళకు చూపించు. నచ్చితే ఆగుతారు, లేకపోతే పైకి జరుపుకుంటూ వెళ్ళిపోతారు. నీకూ వాళ్ళకూ మధ్య ఏ రుణమూ ఉండదు.

పోచంపల్లి_చిటికి
బుధవారం, ఉదయం 7:10

వాసు అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మేం మొదట చుట్టాలకే అమ్మినం. సగం మంది ధర తగ్గించమన్నరు, సగం మంది తర్వాత ఇస్తమన్నరు.

అక్కా, మీకు ఒక చిన్న ఉపాయం. "మా చీర చాలా అందంగా ఉంటుంది, చాలా నాణ్యమైనది" అని రాయాలంటే నాకూ చెయ్యి రాకపోయేది. ఎందుకంటే అది పొగడ్త. అట్ల రాయడం మానేసిన. ఇప్పుడు పని మాత్రమే చెప్తున్న. దారాన్ని ముందే లెక్క ప్రకారం చిటికి కట్టి, అంటే రంగు ఎక్కకూడని చోట గట్టిగ చుట్టి కట్టి, రంగులో ముంచుతరు, అందుకే డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటయ్. చీర తిరగేసి చూడండి, రెండు వైపులా రంగు ఒక్క తీరుగనే ఉంటది. పైన అచ్చు గుద్దిన నకలు అయితే వెనక పక్క వెలిసిపోయినట్టు కనబడతది. గిదే చెప్తున్న. ఇందులో నన్ను నేను పొగుడుకున్నది ఏముంది? తెలిసిన సంగతి తెలియనోళ్ళకు చెప్పినట్టే కదా.

మా దిక్కు చింతకింది మల్లేశం గారు ఆసు పోసే యంత్రం చేసిండ్రు. ఆసు పోయడమంటే చిటికి కట్టే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి సర్దడం. తల్లి చేతులు రోజంతా ఆసు పోసి పోసి నొప్పి పుడుతుంటే చూడలేక చేసిండ్రు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మాట్లాడినప్పుడు ఎప్పుడు చూసినా అమ్మ భుజం నొప్పి గురించే చెప్తరు. వినేటోళ్ళకు యంత్రం విలువ దానంతట అదే తెలిసిపోతది.

శేషు_మాస్టారు
బుధవారం, ఉదయం 9:26

సిరిసిల్ల అబ్బాయి మాట నన్ను గట్టిగానే తాకింది. వడ్డీ నడుస్తున్న ఇంటికి పద్యం చెప్పాను. అది పొరపాటే.

అయితే నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోలేను. పొగుడుకోవడం తప్పే అని ఇప్పటికీ అంటాను. కానీ పోచంపల్లి అమ్మాయి చెప్పినది పొగుడుకోవడం కాదు. చీర తిరగేసి చూడమనడం ఉపాధ్యాయుడి పని. నేను రోజూ చేసింది అదే. ఇది ఇలా ఉంటుంది, కావాలంటే మీరే చూసుకోండి అని. దానికి సిగ్గుపడాల్సిన పని లేదమ్మా. నిన్న నీకు ధైర్యం చెప్పాల్సిన చోట భయం పెంచాను. మనసులో పెట్టుకోకు.

ఓరుగల్లు_అనూష
బుధవారం, ఉదయం 10:02

మాస్టారు గారూ, మీలా వెనక్కి వచ్చి ఇలా రాసేవాళ్ళు తక్కువండీ.

నేను నిన్న రాత్రి నా కాగితం మళ్ళీ తీశాను. "మేము" అన్నచోటల్లా ఆగి, ఇది నిజంగా మేమా, నేనా అని అడుగుకుంటూ వెళ్ళాను. పద్నాలుగు చోట్ల ఆరింట్లో అది నేనే. ఆ ఆరు మార్చాను. మిగతా ఎనిమిదీ మా టీమ్‌వే, అలాగే ఉంచాను. అబద్ధం ఎక్కడా లేదు. పంపే ముందు చెయ్యి వణికింది గానీ పంపేశాను.

మంగళగిరి_కోడలు
గురువారం, రాత్రి 10:30

అందరి మాటలూ రెండు మూడుసార్లు చదివాను. కొన్ని అత్తయ్యకు చదివి వినిపించాను.

వాసు అన్నయ్య రాసిన మొహమాటం మాట వినగానే ఆవిడ కండె పక్కన పెట్టి, నేనెప్పుడూ వినని సంగతి చెప్పింది. మా మామయ్య వాళ్ళ నాన్న మూట కట్టుకుని, సైకిల్ మీద పల్లెలు తిరిగి చీరలు అమ్మేవాడట. ఊళ్ళోకి వెళ్ళగానే కేక వేసేవాడు. ఆ కేకకు ఎవరూ నవ్వలేదు. అది పనిలో భాగం, అంతే. ఏదో ఒక ఇంటి అరుగు మీద మూట విప్పేవాడు. చీర మడత విప్పి, కొంగు ఆడవాళ్ళ చేతికిచ్చి, మాట్లాడకుండా పక్కకు జరిగి కూర్చునేవాడట. వాళ్ళు తడిమి చూసుకుని, ఎండలోకి పట్టి చూసుకుని, ఏదైనా అడిగితే అప్పుడే చెప్పేవాడు. ఎన్నాళ్ళు మన్నుతుంది, ఉతికితే రంగు ఏమవుతుంది, ఎవరు నేశారు, ఇంతే. "మీ తాతయ్య ఏ రోజూ చీర బాగుందని తన నోటితో అనలేదు. బాగుందని వాళ్ళే అనేవాళ్ళు" అంది.

నిన్న మధ్యాహ్నం ధైర్యం చేసి ఒక వీడియో తీశాను. మా ముఖాలు లేవు. మామయ్య చేతులు మాత్రమే. పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోయి కొత్తది అతికే రోజు అది. పాత పోగు కొస, కొత్త పోగు కొస బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెలి తిప్పుతాడు. అప్పుడప్పుడూ వేళ్ళకు బూడిద అద్దుకుంటాడు. ఒక్కో పోగూ అంతే. వేల పోగులు. తల ఎత్తడు. కిటికీలోంచి ఎండ గుంటలోకి పడి, ఆయన మోకాళ్ళ మీద నుంచి మెల్లగా జరుగుతుంటే, ఆ జరగడం కూడా వీడియోలో వచ్చింది. నేను అనుకుని తీసింది కాదు.

కింద నాలుగు వాక్యాలే రాశాను. ఇది గుంటమగ్గం. ఈ చీర మా మామయ్య రెండున్నర రోజుల్లో నేశారు. నిజాం అంచు, ఒంటి మీద డిజైన్ ఉండదు. ధర ఇంత. "కొనండి" అని రాయలేదు. రాసి తీసేశాను, నిజం చెప్పాలంటే.

ఈసారి స్టేటస్‌లో పెట్టలేదు. కొత్త పేజీ తెరిచి అందులో పెట్టాను. రాత్రి ఫోన్ అత్తయ్యకిచ్చి పడుకున్నాను, చూస్తే తీసేస్తానేమోనని.

కథల_పెట్టె
గురువారం, రాత్రి 11:05

చెల్లీ, ఆ ఎండ జరగడం దగ్గర ఆగిపోయాను. అది రాయడం నేర్పితే వచ్చేది కాదు.

ఒక మాట అడుగుతాను. నేను నా పుస్తకం గురించి చెప్పలేను, నీ వీడియో గురించి మాత్రం ఎంతమందికైనా చెప్పగలను. నాకు తెలిసిన చదివేవాళ్ళు, ఉపాధ్యాయులు చాలామంది నూలు చీరలే కడతారు. వాళ్ళకు పంపనా? నువ్వు ఒప్పుకుంటేనే.

మంగళగిరి_కోడలు
గురువారం, రాత్రి 11:20

తప్పకుండా పంపండి అన్నయ్యా. మీ పుస్తకం ఒకటి నాకు కావాలి. డబ్బు కట్టే తీసుకుంటాను, ఊరికే పంపొద్దు. చదివి నచ్చితే మా పేజీలో చీర పక్కన పెట్టి ఫోటో తీస్తాను. నచ్చకపోతే మీకు మాత్రమే చెబుతాను.

కథల_పెట్టె
శుక్రవారం, ఉదయం 7:45

ఈ ఒప్పందం నాకు చాలా నచ్చింది. ఇవాళే పోస్టు చేస్తాను. పుస్తకాలకు తక్కువ ఖర్చుతో ఉండే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబర్‌లో తీసేసినప్పటి నుంచి పోస్టేజీ ఖర్చు పెరిగింది, మాలాంటివాళ్ళకు అదొక దెబ్బ. ఆ ఖర్చు మాత్రం నాది.

సిరిసిల్ల_సాంచా
శుక్రవారం, ఉదయం 8:12

అక్కా, వీడియో చూసిన. మా నాయనకు చూపించిన. ఆయన ఏమీ అనలేదు, రెండుసార్లు చూసి, "వేళ్ళు ఎంత తేలికగా ఆడుతున్నయో చూడు" అన్నడు. జీవితమంతా సాంచాల, అదే మరమగ్గాల, చప్పుడులో బతికిన మనిషి. ఆయన నోటి నుంచి ఆ మాట రావడం నాకు ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను.

ఒకటి మర్చిపోకండి. చేతిమగ్గం మీద నేసిందే అని చెప్పే హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఉంటే ఫోటోలో కనబడేటట్టు పెట్టండి. లేకుంటే దరఖాస్తు చేయండి. ఆగస్టు 7 చేనేత దినోత్సవం, 1905లో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజని 2015 నుంచి జరుపుతున్నరు. ఆ వారం అందరి కళ్ళూ చేనేత మీదనే ఉంటయ్, దానికి రెండు నెలల ముందు నుంచే కొన్ని చీరలు పక్కన పెట్టుకోండి.

మంగళగిరి_కోడలు
ఆదివారం, రాత్రి 9:15

ముందుగా జరిగింది చెబుతాను. మూడు చీరలు వెళ్ళాయి. రెండు కథల అన్నయ్య చెప్పినవాళ్ళు తీసుకున్నారు. మూడోది ఎవరో అసలు తెలియదు. అనంతపురం నుంచి ఒకావిడ రాసింది. ధర గురించి ఒక్క మాట అడగలేదు. "ఆ చేతులు ఎవరివి? ఆయన వయసెంత?" అని అడిగింది. మామయ్యకు 63 అని చెప్పాను. డబ్బు పంపి, "ఆయన నేసినదే పంపండి" అని రాసింది.

ఆ మెసేజ్ మామయ్యకు చదివి వినిపించాను. ఆయన గుంటలోంచి లేవలేదు. అడ్డపోగు తిప్పే నాడె చేత్తో పట్టుకుని కాసేపు ఊరికే కూర్చున్నాడు. తర్వాత "ఏ చీర?" అన్నాడు. చూపించాను. దాన్ని తీసుకుని, మొత్తం విప్పించి, వాకిట్లో వెలుతురుకు పట్టి, మొదటి నుంచి చివరి దాకా చేత్తో తడిమి చూశాడు. ఒకచోట పోగు కొస పైకి లేచి ఉంటే చిన్న కత్తెరతో కత్తిరించాడు. ఇన్నేళ్ళలో ఆయన నేసిన చీర ఎవరి చేతికి పోతోందో ఆయనకు తెలిసింది ఇదే మొదటిసారి. మాస్టర్ వీవర్‌కు ఇచ్చాక అది ఎటు పోతుందో మాకు తెలిసేది కాదు.

దడ పోలేదు, ఉన్నదున్నట్టు చెబుతున్నాను. నిన్న రెండో వీడియో పెట్టేటప్పుడూ అంతే. చిన్నత్త కూడా ఎలాగో ఆ పేజీ కనిపెట్టింది. ఏమంటుందోనని ఇవాళంతా టెన్షన్ పడ్డాను. సాయంత్రం ఫోన్ చేసి, "మీ మామయ్య చేతులు అట్లా చూస్తే మా నాన్నే గుర్తొచ్చాడే" అంది. ఆవిడ నాన్నే కదా ఆ సైకిల్ తాత.

పోచంపల్లి_చిటికి
ఆదివారం, రాత్రి 9:40

అక్కా, ముదురు ఎరుపు మీద ఆకుపచ్చ అంచుది రెండో వీడియోలో చూసిన. మా అమ్మకు కావాలె. చుట్టం అని తగ్గించొద్దు, పెట్టిన ధరే. ఉన్నదా, పోయిందా?

మంగళగిరి_కోడలు
ఆదివారం, రాత్రి 9:52

అది ఇంకా మగ్గం మీదే ఉంది చెల్లీ. మూరన్నర నేయాలి. మంగళవారం కోస్తాం.